కెమేరాతో మాజ్రి చుట్టూ

మాజ్రిలో చూడదగ్గది యేముందని దేశం నుంచి వచ్చిన చుట్టాలు అడిగితే, మనవాళ్లు కాసేపు ఆలోచించి, "యేముంది, బొగ్గు" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. యీ వూరికి మన పెద్దలు బొగ్గుబాయిలో పని దొరుకుతుందని వచ్చారు గాని సూర్యోదయం చూద్దామని రాలేదు. రైలువాళ్లకు మాజ్రి వొక జంక్షను. పెద్దలైను మీద దిగి, వణి మీదుగా ఆదిలాబాదు పోయే కొమ్మలైను పట్టుకునే చోటు. లారీవాళ్లకు వొక కాటా. మనకేమో వొక క్వార్టరు, వొక బడి, వారానికి వొక సంత, యేడాదికొకసారి బతుకమ్మ.

అయితే వొక సంగతి మనం అంతగా పట్టించుకోము. మాజ్రిలో కారెక్కి యే దిక్కుకు పోయినా పూట తిరగకముందే అడవో, నదో యెదురవుతుంది. తూర్పున తాడోబా. పడమట యవత్మాల్ జిల్లాలో టిపేశ్వర్. వర్ధా నది మన పక్కనే పోతున్నది. కొంత దిగువన పెన్‌గంగ వచ్చి అందులో కలుస్తుంది. యింకా తూర్పుకు పోతే వైన్‌గంగ. యీ నీళ్లన్నీ కలిసి ప్రాణహిత అయి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడతాయి. అనగా పుష్కరాలకని మనం రైలెక్కి పోయి మునిగే నీళ్లలో కొన్ని మన గడపముందు నుంచి పోయినవేనన్నమాట. అయినా పెళ్లికీ, చావుకూ, తిరుపతికీ తప్ప మనం కారు బయటికి తీయము.

క్రిందటి ఫిబ్రవరిలో మేము అయిదు రోజులు యీ చుట్టుపక్కలే తిరిగి వచ్చాము. నేను, మా యింటావిడ, కాలేజీలో చదివే మా అమ్మాయి, హైదరాబాదులో వుద్యోగం చేస్తున్న మా మేనల్లుడు. వాడికి కెమేరా పిచ్చి. ఆ బొమ్మలు చూసినవారు చాలామంది "యెట్లా పోయారు, యెంతయింది, జనం లేరా" అని అడుగుతున్నారు. వొక్కొక్కరికీ చెప్పేకంటే యిక్కడ రాయడమే మేలని రాస్తున్నాను. చివరి ప్రశ్నకే యెక్కువ చెప్పవలసి వుంది. యెందుకంటే మా ప్రయాణానికి మేము పెట్టుకున్న షరతు అదొక్కటే. జనం యెక్కడుంటే అక్కడికి పోగూడదు.

మొదట మేనల్లుడి లెక్క వేరు. "మామా, డిసెంబరు ఆఖరి వారం నాకు సెలవులున్నయి. మొహర్లీ గేటుల రెండు సఫారీలు బుక్ చేద్దాం. పులి గ్యారంటీ అంటున్నరు" అని ఫోను చేశాడు.

"పులి గ్యారంటీయో కాదో గాని, పులిని చూడవచ్చిన మనుషులు మాత్రం గ్యారంటీ" అన్నాను.

యిది నేను వూరికే అన్నమాట కాదు. నాగపూరు అవతల వుమరేడ్–పవని–కర్హాండ్లా అనే అభయారణ్యం వున్నది. 2024 డిసెంబరు 31వ తేదీన, సరిగ్గా మావాడు చెప్పిన ఆ సెలవుల్లోనే, అక్కడ వొక ఆడపులి తన పిల్లలతో దారి మీదికి వస్తే యిటు కొన్ని జీపులు, అటు కొన్ని జీపులు నిలిచిపోయి, అది యెటూ పోలేని స్థితి వచ్చింది. ఆ దృశ్యం దేశమంతా చూసింది. నాగపూరు హైకోర్టు బెంచి యెవరూ దావా వేయకముందే తనంతట తాను కేసుగా తీసుకున్నది. డ్రైవర్ల మీదా, గైడ్ల మీదా చర్యలు తీసుకున్నారు. నా మటుకు నాకు అందులో డ్రైవర్ల తప్పు సగమే. వెనక సీట్లో కూర్చుని "యింకొంచెం దగ్గరికి పోనీ భయ్యా" అన్నవారి సంగతి యే కాగితంలోనూ రాదు.

తాడోబా కోర్ అడవిలో యిప్పుడు సెల్‌ఫోను తీసుకుపోనివ్వరు. కోర్ అంటే అడవి నడిబొడ్డు. దాని చుట్టూ పల్లెలూ, చేలూ కలిసిన పట్టీని బఫర్ అంటారు. ఫోను యెందుకు వద్దన్నారో యెవరికైనా తెలుస్తుంది. పులి ఫలానా మడుగు దగ్గర వుందని వొకరు మీట నొక్కితే చాలు, పావుగంటలో అడవిలోని జీపులన్నీ అక్కడే చేరతాయి. ఫోను లేకపోయినా గైడ్లు జీపు యెదురైనప్పుడు చెప్పుకుంటారు. కనుక గుంపు పూర్తిగా తప్పేది కాదు. దాన్ని తప్పించుకునే వుపాయం అడవిలో లేదు, యింట్లో క్యాలెండరు దగ్గర వున్నది.

ఆఫీసులో సెలవు కాగితాలు రాసే పని నాదే గనుక, క్యాలెండరు చదవడం నాకు కొట్టినపిండి. తాడోబా కోర్ జూలై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా వానలకు మూసివుంటుంది. అక్టోబరులో తెరవగానే వొక తొక్కిసలాట. దీపావళి సెలవులకు రెండో తొక్కిసలాట. క్రిస్మసు నుంచి కొత్త సంవత్సరం దాకా మూడోది, అన్నిటికంటె పెద్దది. మళ్లీ యేప్రిల్, మే నెలల్లో నీళ్లు యెండిపోయి జంతువులన్నీ మడుగులకు వస్తాయి గనుక, చంద్రపూర్ యెండలో తల పగులుతున్నా బొంబాయి, పూనా జనం వస్తారు. యీ నాలుగూ తీసేస్తే మిగిలేవి దీపావళి పోయిన తర్వాత నవంబరు రెండో సగం, డిసెంబరు మొదటి రెండు వారాలు, ఆ తర్వాత ఫిబ్రవరి. ఫిబ్రవరిలో పిల్లలకు పరీక్షల భయం, పెద్దలకు లెక్కల భయం. అందుచేత యెవరూ కదలరు. మేము దాన్నే పట్టుకున్నాము.

యిక వారాలు. శని, ఆదివారాలు జనమూ యెక్కువ, రుసుమూ యెక్కువ. మంగళవారం కోర్ అడవికి సెలవు. యిది చూసుకోకుండా మంగళవారానికి సెలవు పెట్టి వెళ్లి గేటు ముందు నిలబడ్డవారు మన కాలనీలోనే వున్నారు. పేర్లు చెప్పను. శివరాత్రి దగ్గరపడితే మార్కండా లోనూ, వర్ధా–పెన్‌గంగ సంగమం వున్న వఢా లోనూ జాతర జనం నిండుతారు. కనుక శివరాత్రికి ముందే ముగించుకోవాలి. యివన్నీ కలిపి చూస్తే వొక సోమవారం బయలుదేరి శుక్రవారం అడవి వదలిపెట్టే మార్గం తేలింది. శని, ఆదివారాలకు అడవిలో జనం దిగే వేళకు మేము ఆదిలాబాదులో మా అక్కయ్యగారింట్లో భోజనం చేస్తూ వుంటామన్నమాట. మా యింటావిడ మాత్రం, "అయిదు రోజుల సెలవు నాకు జ్వరమొస్తే యెన్నడూ పెట్టలేదు" అని వొక్క మాట అని వూరుకున్నది.

సోమవారం తెల్లవారుజామున మేము యెక్కువ దూరం పోలేదు. వర్ధా వొడ్డుకు పోయాము. చలికాలం చివరి రోజుల్లో నది మీద పొగమంచు మోకాటి యెత్తున నిలుస్తుంది. అందులో నుంచి పడవవాని తల, గడకర్ర మాత్రం కనపడతాయి. దూరాన బొగ్గుగని నుంచి తీసిపోసిన మట్టిగుట్టలు. వాటి మీద సర్కారు తుమ్మ మొలిచి, యిప్పుడు అవి నిజం కొండలేమో అనిపిస్తాయి. మేనల్లుడు హైదరాబాదు నుంచి అడవి కోసం వచ్చినవాడు, మొదటి గంటలోనే యీ గుట్టల మీద పడే యెర్రని వెలుగు చూసి యిరవై బొమ్మలు తీశాడు. (గని ఆవరణలోకి కెమేరాతో పోవాలంటే అనుమతి కావాలి. మేము రోడ్డు మీది నుంచే తీశాము. తీసేవారు యీ సంగతి మరవగూడదు.)

అక్కడే మేకలు తోలుకుపోతున్న వొక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. మరాఠీలో మాట్లాడాము. మేనల్లుడు కెమేరా వెనక అద్దంలో బొమ్మ చూపితే ఆయన కళ్లు చిట్లించి చూసి, గుట్ట కింద యెడమ పక్కకు వేలు పెట్టి, "మా జొన్నచేను యిక్కడుండేది. బావి యిక్కడ" అన్నాడు. బొమ్మలో అక్కడ మట్టి తప్ప యేమీ లేదు. ఆయన కోపంగా అనలేదు, బాధగా కూడా అనలేదు. మనం పాత ఫోటోలో చుట్టాలను గుర్తుపట్టినట్టుగా అన్నాడు. గని వల్లనే అన్నం తింటున్నవాళ్లం గనుక నేను యేమీ అనలేకపోయాను.

భద్రావతిలో విజాసన్ గుహలు చూశాము. కొండను తొలిచి లోపల కూర్చున్న బుద్ధవిగ్రహం చెక్కిన పాత గుహలు. మధ్యాహ్నం వెలుగు లోపలికి చాలినంత రాదు, పొద్దున పోవడం మంచిది. అక్కడి నుంచి చంద్రపూర్. మన పెద్దవాళ్లు యిప్పటికీ చాందా అనే అంటారు. గోండు రాజుల కోట గోడ, దర్వాజాలు వూరి మధ్యనే వున్నాయి. కాని మోటారు సైకిళ్లు లేకుండా దర్వాజా బొమ్మ తీయాలంటే తెల్లవారి అయిదున్నరకు లేవాలి. మేము రెండో రోజు లేచి తీశాము.

ఆ రెండో రోజు మంగళవారం. కోర్ మూసివుంటుంది గనుక నదికి పోయాము. మూల్ మీదుగా వైన్‌గంగ దాటి, గడ్చిరోలి జిల్లాలోని మార్కండా. 1982 దాకా గడ్చిరోలి కూడా మన చంద్రపూర్ జిల్లాలోనిదే. వైన్‌గంగ దక్షిణానికి పోయే నది. మార్కండా దగ్గర మాత్రం వెనక్కు తిరిగి కొంతదూరం వుత్తరానికి పారుతుంది. అట్లా పారే చోటు కాశీతో సమానమని మన నమ్మకం గదా, అందుకే అక్కడ గుళ్లు లేచాయి. రాతి గోడల మీద అడుగు ఖాళీ లేకుండా శిల్పం. శివరాత్రికి కాలు పెట్టే చోటు దొరకని ఆ ఆవరణలో ఆ మంగళవారం మేము నలుగురం, పూజారిగారు, నాలుగు మేకలు. మేనల్లుడు గుళ్లను వదలిపెట్టి యిసుకలోకి పోయాడు. నీళ్ల మధ్య యిసుకతిన్నె మీద చక్రవాకాల జంటలు వున్నాయి. మేలిమి పసుపు రంగు పక్షి. మన కావ్యాల్లో రాత్రి విడిపోయి యేడ్చే పక్షి యిదేనని చెబితే మా అమ్మాయి నమ్మలేదు. "యిది బాతు గదా నాన్నా" అన్నది. బాతే. హిమాలయాల అవతల నుంచి చలికాలం గడపడానికి వస్తుంది. మార్చి చివరికి వెళ్లిపోతుంది. పక్షుల బొమ్మల కోసం పోయేవారు ఫిబ్రవరి దాటనివ్వగూడదు.

బుధవారం తాడోబా. మొహర్లీ, కొలారా గేట్లు పేరు మోసినవి. అక్కడి అడవి మంచిదే, వసతులూ యెక్కువే, అందుకే జనమూ అక్కడే. మేము దక్షిణపు కొసన కోల్సా అడవి వైపున్న ఝరి గేటు తీసుకున్నాము. కోల్సా అంటే మరాఠీలో బొగ్గు. పుట్టినప్పటినుంచి బొగ్గులో వున్నవాళ్లం, అడవికని పోతే అక్కడా అదే పేరు. యిక్కడ పులి కనపడే అవకాశం తక్కువని గేటు దగ్గరే చెప్పారు. చెప్పినందుకు సంతోషించాము.

గేటు దగ్గర కారు ఆపి, అటవీశాఖ నమోదు చేసిన జీపు యెక్కాలి. ఆరుగురు పడతారు, డ్రైవరూ, గైడూ కాక. జీపు మొత్తానికి రుసుము గనుక ఆరుగురుంటే తలకు తక్కువ పడుతుంది. ముందుగా ఆన్‌లైన్‌లో పేర్లు రాసినప్పుడు యే గుర్తింపు కార్డు నెంబరు యిచ్చామో అదే కార్డు చేతిలో వుండాలి. పేరులో వొక అక్షరం తేడా వుంటే మాటలు పెరుగుతాయి. మన తెలుగు యింటిపేర్లను మరాఠీ వూళ్లలో యెన్ని విధాల రాస్తారో మీకు తెలుసు. కనుక యిది నలుగురికీ సరిచూసుకోవాలి. కెమేరాకు రుసుము వున్నదీ లేనిదీ బుక్ చేసేప్పుడే తెలుసుకోవాలి.

కెమేరా సరంజామా గురించి రెండు మాటలు. మూడుకాళ్ల స్టాండు జీపులో పనికిరాదు. మా యింటావిడ పాత జీన్సు పాంటు కాలు కత్తిరించి రెండు కొసలూ కుట్టి, అందులో రెండు కిలోల కందిపప్పు పోసి సంచి చేసి యిచ్చింది. జీపు అంచు మీద దాన్ని పెట్టి లెన్సు ఆనిస్తే కదలదు. దుకాణంలో యిటువంటిదే వేలకు అమ్ముతారట. తిరిగి వచ్చిన తర్వాత ఆ పప్పుతోనే పప్పుచారు అయింది. దుమ్ముకు తడి తువ్వాలు కాదు, పొడి నూలుగుడ్డ కప్పాలి. బట్టలు మట్టి రంగువో, ఆకు రంగువో వుండాలి. పరుగెత్తే దుప్పిని పట్టాలంటే సెకనులో వెయ్యోవంతు కంటె నిదానం పనికిరాదని మేనల్లుడు అంటాడు. నిలబడ్డ అడవిని తీయడానికి మాత్రం అంత హడావుడి అక్కరలేదు, వెడల్పు లెన్సు వొకటి చాలు. వాడు మొదటి రోజు పెద్ద లెన్సు దింపలేదు, మూడో రోజుకు చిన్నది దింపలేదు.

తాడోబా అన్న పేరు తారు అనే వొకని పేరు మీద వచ్చిందని చెబుతారు. వూరిపెద్ద, పులితో పోరాడి చచ్చిపోయాడు. తాడోబా చెరువు గట్టున చెట్టు కింద ఆయన్ను కొలుస్తారు. పుష్యమాసంలో గోండులు జాతర చేసేవారు. 1955లో యిక్కడ జాతీయవనం పెట్టారు, 1986లో పక్కనున్న అంధారి అభయారణ్యం, రెండూ కలిపి 1995లో పులుల సంరక్షణ కేంద్రం. కోర్ ప్రాంతం సుమారు 625 చదరపు కిలోమీటర్లు. యీ లెక్కలు బోర్డు మీద వుంటాయి. బోర్డు మీద లేని సంగతి మాకు గైడు చెప్పాడు.

పొద్దున యేడున్నర ప్రాంతాన వొక మైదానం చేరాము. పసుపుపచ్చని గడ్డి, దాని మీద వాలుగా యెండ, ముప్పై నలభై దుప్పులు తలలు దించి మేస్తున్నాయి. వొక పక్క బూరుగచెట్టు ఆకు లేకుండా యెర్రగా పూసివుంది, కొమ్మల నిండా గోరింకలు, అడుగున కొండముచ్చులు. మరొక జీపు లేదు. మేనల్లుడు వూపిరి బిగబట్టి తీస్తున్నాడు. అప్పుడు గైడు, పాతికేళ్లవాడు, మెల్లగా "ఇథే మాఝ్యా మామాచం ఘర్ హోతం" అన్నాడు. యిక్కడ మా మేనమామ యిల్లు వుండేది అని. అడవి లోపలి పల్లెలను బయటికి తరలించినప్పుడు వాళ్ల చుట్టాలూ వచ్చేశారట. బోటెఝరి, కోల్సా, తర్వాత నవేగావ్, జామ్ని, యిట్లా కొన్ని పల్లెలు లేచిపోయాయి. యిళ్లు పోయిన చోట, చేలు పోయిన చోట గడ్డి మొలిచింది. గడ్డికి దుప్పులు వచ్చాయి, దుప్పుల కోసం పులి, పులి కోసం మనం. గడ్డి మధ్యలో వొక చింతచెట్టు వున్నది. అడవిలో చింతచెట్టు కనపడితే అక్కడొకప్పుడు వూరుండేదని లెక్క అన్నాడు.

"బయట బాగున్నారా?" అని అడిగాను.

"బడి వుంది, కరెంటు వుంది, రోడ్డు వుంది. రాత్రి భయం లేదు" అని ఆగి, "మామ మాత్రం గేటు దగ్గరికి వచ్చినప్పుడు లోపలికి చూస్తూ నిలబడతాడు" అన్నాడు.

యీ మాట న్యాయమో అన్యాయమో తేల్చే శక్తి నాకు లేదు. బొగ్గు కోసం తీసిన వూళ్లూ చూశాము, పులి కోసం తీసిన వూళ్లూ చూశాము. యిచ్చిన డబ్బు, భూమి సంగతి వూరూరికీ వేరు. మేనల్లుడు మాత్రం డ్రైవరును కొంచెం వెనక్కి పోనిమ్మని, చింతచెట్టు కూడా పడేటట్టు యింకొక బొమ్మ తీశాడు. అంతకుముందు తీసిన వాటిలో చెట్టు అడ్డమని వదిలేశాడు.

ఆ పూట పులి కనపడలేదు. దుమ్ములో అడుగులు మాత్రం కనపడ్డాయి, మా జీపు వచ్చేముందే దారి దాటినట్టు. రేచుకుక్కలు మూడు దారి పక్కన పడుకుని మమ్మల్ని చూసి లేవనైనా లేవలేదు. తపసిచెట్లు ఆకు రాల్చి తెల్లని వొంటితో నిలబడ్డాయి. వాటిని చీకటిలో చూస్తే దయ్యమనుకుంటారు. పులిహోర తిని తిరిగి వచ్చాము.

పులి తాడోబాలోనే వుంటుందనుకునేవారికి వొక మాట. 2022 ఫిబ్రవరిలో చంద్రపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రం ఆవరణలోనే పని ముగించుకుని పోతున్న వొక కార్మికుణ్ణి పులి చంపింది. ఆ మరునాడే దుర్గాపూర్ బొగ్గు గనుల దగ్గర వొక పిల్లవాడు చిరుత వాత పడ్డాడు. గనుల పక్కన పొదలు పెరిగాయి, పందులు చేరాయి, వాటి వెనక యివి వచ్చాయి. అందుచేత యీ జిల్లాలో రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. బొమ్మ కోసం చీకట్లో కారు దిగవద్దు. మేము రోజూ పొద్దు గుంకేసరికి లాడ్జిలో వున్నాము.

గురువారం ఘుగ్గుస్, వణి, మారెగావ్ మీదుగా పాండర్‌కవ్‌డా. రోడ్డు పొడుగునా పత్తి. పొలాలన్నీ నల్లరేగడి, యెండిన మోళ్లకు తెల్లని పింజలు అక్కడక్కడ. దీని వుత్తరపు పక్కన, రాళేగావ్ వైపు, 2018 నవంబరులో అవని అనే ఆడపులిని కాల్చి చంపారు. పదమూడుమంది ప్రాణాలు తీసిందని దాని మీద అభియోగం. దేశమంతా రెండుగా చీలి వాదించుకున్నది. పులిని చంపడం పాపమని పట్నాలలో కొవ్వొత్తులు వెలిగించారు, యిక్కడి పల్లెల్లో టపాకాయలు కాల్చారు. రెండూ నాకు తెలిసిన మనుషులే చేశారు.

టిపేశ్వర్ చిన్న అడవి, దాదాపు 149 చదరపు కిలోమీటర్లు. యిక్కడ పుట్టిన వొక మగపులి 2019లో బయలుదేరి మూడువేల కిలోమీటర్ల దాకా నడిచి, బుల్ఢాణా జిల్లాలో ధ్యానగంగా అడవి చేరింది. దానికి వాకర్ అని పేరు పెట్టారు. మెడకు కట్టిన రేడియో పట్టీ వల్ల యీ నడక తెలిసింది. పొలాలు, రోడ్లు, యింకొక రాష్ట్రం అన్నీ దాటిపోయింది. మన ఆదిలాబాదు జిల్లా కూడా దాని దారిలోనే వున్నది. సెలవులు పెట్టుకుని, బుక్ చేసుకుని పోవలసిన అవస్థ దానికి లేదు.

అడవి బయట, మన భాష వినపడే పల్లెల దగ్గర, పత్తి యేరుతున్న ఆడవాళ్లు కనపడితే మా యింటావిడ కారు ఆపించి నీళ్లు అడిగింది. మాటల్లో, "అక్కా, పులి భయం లేదా మీకు?" అన్నది.

"భయమైతే వుండదా చెల్లె! భయపడుకుంట కూసుంటే పత్తి యెవ్వలు యేరుతరు?" అని నవ్వింది ఆమె. నలుగురూ కలిసే వస్తారు, నాలుగు గంటలకే కలిసే పోతారు. వేసవిలో తునికాకుకూ, ఇప్పపువ్వుకూ తెల్లవారకముందే వంగి యేరేటప్పుడే యెక్కువ ప్రమాదమని చెప్పింది. మనిషి వంగి కూర్చుంటే పులికి మనిషిలాగా కనపడదట. బొమ్మ తీయమంటావా అని మేనల్లుడు అడిగితే, "పులి బొమ్మకు పైసలిచ్చి వస్తిరి, మాది వుత్తగనె తీస్తరా?" అన్నది. వాడు సిగ్గుపడ్డాడు. తర్వాత ఆమే కొంగు సర్దుకుని నిలబడింది. ఆ బొమ్మ కడిగించి పంపించాము.

శుక్రవారం పొద్దున టిపేశ్వర్‌లో పులి కనపడింది. కణితి వొకటి పొదల్లో నుంచి అరిచింది. గైడు జీపు ఆపించి యింజను ఆర్పించాడు. మాతో యింకొక జీపు మాత్రం వుంది, అందులో వొక ముసలి దంపతులు. ఇరవై నిమిషాలు యెవరూ మాట్లాడలేదు. తర్వాత వెదురు పక్క నుంచి అది వచ్చి, మా వైపు చూడనైనా చూడకుండా, దారి దాటి అటు దిగిపోయింది. యెనిమిది అడుగులు. నేను లెక్కపెట్టాను. దాని వెంట పోదామని యెవరూ అనలేదు, గైడు కూడా యింజను వెంటనే వేయించలేదు. మేనల్లుడికి రెండు బొమ్మలు దక్కాయి. మా అమ్మాయి తీసిన దాంట్లో తోక మాత్రమే పడింది. ఆ తోకనే మా యింట్లో అద్దం కట్టించి పెట్టింది.

ఖర్చు సంగతి అడిగినవారికి: మా నలుగురికీ అయిన దాంట్లో సగానికి పైగా రెండు సఫారీలకే అయింది. మిగిలింది పెట్రోలు, లాడ్జి. నదులు, గుహలు, మట్టిగుట్టలు, చక్రవాకాలు అన్నీ వుచితం. అన్నం మూడుపూటలు యింటిదే, జొన్నరొట్టె, కారంపొడి, సకినాలు. అడవిలో ప్లాస్టిక్ కవర్లు పనికిరావు గనుక డబ్బాలు కావాలి.

యీసారి నవంబరులో, దీపావళి జనం వెళ్లిపోయిన తర్వాత, యిదే దారిని తిరగేసి పోదామని అనుకుంటున్నాము. ముందు టిపేశ్వర్, చివర మార్కండా, మధ్యలో వఢా సంగమం. మేనల్లుడు యీసారి తనే సోమవారం నుంచి సెలవు పెట్టానన్నాడు. ఆరుగురు పట్టే జీపులో రెండు చోట్లు ఖాళీగా వున్నాయి. డ్రైవరును తొందరపెట్టనివారు కావాలి. సకినాలు తెచ్చేవారైతే మొదటి చోటు వారికే.